ఎముక చెప్పే వయసు, అమ్మ చెప్పే వయసు

పుట్టిన తేదీ అందరికీ ఉంటుందనుకోవడం కాగితం ఉన్నవాళ్ల అలవాటు. పుట్టుక అందరికీ ఉంది. దాన్ని ఎవరో ఒకరు రాసిపెడితేనే అది తేదీ అవుతుంది. ఎవరి పుట్టుకను ఎవరు రాశారు, ఎవరిది రాయకుండా వదిలేశారు అన్నది ఈ దేశంలో కులం ప్రశ్న. ఇది చరిత్ర పుస్తకాల్లోకి పెద్దగా రాలేదు గానీ కోర్టుల్లోకి రోజూ వస్తూనే ఉంది. అత్యాచారానికి గురైన పిల్లకు పద్దెనిమిది నిండాయా, పోలీసులు పట్టుకొచ్చిన కుర్రాడు బాలుడా కాదా, కార్ఖానాలో దొరికిన పిల్లవాడికి పద్నాలుగు దాటాయా అన్నవన్నీ వయసు మీద ఆధారపడ్డ ప్రశ్నలే. కాగితం లేకపోతే ఆసుపత్రికి పంపి ఎక్స్‌రే తీయిస్తారు. ఎముకల ఎదుగుదల చూసి డాక్టరు ఒక అంచనా రాసిస్తాడు. దీన్నే ఆసిఫికేషన్ పరీక్ష అంటారు. మనవాళ్లు ఎముకల పరీక్ష అంటున్నారు.

ఈ పరీక్ష ఎక్కడ పుట్టింది, ఎవరి ఎముకల్ని కొలిచి తయారైంది, ఇక్కడికొచ్చి ఎవరి మీద పనిచేస్తోంది అన్నది చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. మా వాదన ఒక్కటే. కాగితం లేకపోవడం దళితుల లోపం కాదు, రాజ్యం చెయ్యని పని. చెయ్యని పని వల్ల పుట్టిన అనుమానం మాత్రం పిల్లల శరీరాల మీద పడుతోంది. ఎముక కంటే దగ్గరగా వయసు చెప్పగల సాక్ష్యం మన ఇళ్లల్లోనే ఉంది. దాన్ని కోర్టు దాకా తీసుకుపోయే పని మనం మొదలుపెట్టాలి.

మిల్లు గేటు దగ్గర పుట్టిన ప్రశ్న

ఆధునిక చట్టానికి వయసును శరీరంలోంచి చదవాల్సిన అవసరం ముందుగా పిల్లల పని దగ్గర గట్టిగా ఎదురైంది. ఇంగ్లండులో 1833 ఫ్యాక్టరీ చట్టం చాలా రకాల బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్ల లోపు పిల్లల్ని పెట్టుకోకూడదంది. అక్కడ ప్రభుత్వం పుట్టుకల్ని నమోదు చెయ్యడం 1837లో గానీ మొదలుకాలేదు. అందుకని డాక్టరు పిల్లవాణ్ణి చూసి, ఈ వయసుకు ఉండవలసిన బలమూ రూపమూ ఉన్నాయని రాసిస్తే సరిపోయేది. తల్లిదండ్రులకు ఆకలి, యజమానికి చవక కూలి. ఈ రెంటి మధ్య అడ్డం ఉన్నది డాక్టరు చూపు ఒక్కటే. 1837లోనే ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు పళ్లను బట్టి పిల్లల వయసు తేల్చవచ్చని రాసి పార్లమెంటు ముందు పెట్టాడు.

మన దేశానికి ఈ ఏర్పాటు 1881 ఫ్యాక్టరీ చట్టంతో వచ్చింది. ఏడేళ్ల లోపు పిల్లలు పనికి రాకూడదు, ఏడు నుంచి పన్నెండు దాకా రోజుకు తొమ్మిది గంటలకు మించి పనిచేయించకూడదు అన్నారు. 1891లో కనీస వయసు తొమ్మిది అయింది, 1922లో పన్నెండు, 1948 చట్టంలో పద్నాలుగు. రాజ్యాంగం 24వ అధికరణంలో కూడా ఈ పద్నాలుగే ఉంది. అంకె మారినప్పుడల్లా అదే చిక్కు. పిల్ల వయసెంతో చెప్పే కాగితం లేదు. అందుకని వయసు ధ్రువీకరించే డాక్టర్ని పెట్టారు.

ఇక్కడ ఒకటి గమనించాలి. చట్టం వయసు అడిగింది ఫ్యాక్టరీ గేటు దగ్గరే. దొర కొట్టంలో, ఆసామి చేలో ఎవరూ అడగలేదు. జీతమున్న పిల్లలకి, పసులు కాసే పిల్లలకి, పాలేరు కొడుకు కాబట్టి పాలేరైన పిల్లలకి వయసు అవసరం లేదనుకున్నారు. 1929లో వేసిన విట్లీ కమిషన్ 1931 నాటి నివేదికలో, చట్టం చేరని చిన్న కార్ఖానాల్లో ఐదేళ్ల పిల్లలు కూడా పనిచేస్తున్నారని రాసింది. ఆ తర్వాత 1933లో పిల్లల శ్రమను తాకట్టు పెట్టడాన్ని నిషేధిస్తూ చట్టం చేశారు. అయినా 1986 బాలకార్మిక చట్టం వ్యవసాయాన్ని మొత్తంగా నిషిద్ధ పనుల్లో చేర్చలేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని అన్ని పనుల్లోంచీ తప్పించాలన్న మాట 2016 సవరణలో వచ్చింది. దానికి కూడా ఇంటి పనులు, కుటుంబ వృత్తులు అనే మినహాయింపు తగిలించారు. కుటుంబ వృత్తి అంటే మన దగ్గర కులవృత్తి అని వేరే చెప్పక్కర్లేదు.

ఎక్స్‌రేలో కనిపించేది ఏమిటి

1895 చివర్లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుక్కున్నాడు. మూడేళ్లు తిరక్కుండానే, 1898లో, లండన్ సర్జన్ జాన్ పోలండ్ పిల్లల చేతి ఎముకలు ఏ వయసుకు ఎలా ఉంటాయో ఎక్స్‌రే బొమ్మలతో పుస్తకం వేశాడు. 1909 ప్రాంతంలో అమెరికాలో బోస్టన్ పిల్లల డాక్టరు థామస్ మోర్గాన్ రాచ్ ఇంకో అడుగు వేశాడు. పుట్టిన తేదీ కన్నా ఎముకల ఎదుగుదలే నమ్మదగ్గదనీ, పిల్లలు ఏ తరగతికి, ఏ ఆటకి, ఏ పనికి తగుదురో దాన్ని బట్టే తేల్చాలనీ అన్నాడు. పిల్లల్ని మోయలేని పనుల నుంచి కాపాడాలన్నది కూడా అతని ఉద్దేశాల్లో ఒకటి. ఈ పరీక్ష పుట్టుకలో పిల్లల రక్షణ అనే ఆలోచన ఉన్నమాట నిజం. దాన్ని మేం కాదనడం లేదు.

పరీక్ష వెనక శాస్త్రం కష్టమైంది కాదు. పుట్టిన బిడ్డ మణికట్టు చిన్న ఎముకలు మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి, ఎక్స్‌రేలో కనపడవు. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటీ గట్టిపడి బొమ్మలోకి వస్తుంది. చేతులకూ కాళ్లకూ ఉండే పొడవాటి ఎముకల కొసలు మొదట విడిగా ఉంటాయి. కొసకీ మధ్య భాగానికీ నడుమ మృదులాస్థి పొర ఉంటుంది. మనిషి పొడుగు ఎదిగేది అక్కడే. ఎదుగుదల ఆగే వయసుకి ఆ పొర గట్టిపడి కొస అతుక్కుపోతుంది. అన్నీ ఒకేసారి అతుక్కోవు. సుమారుగా చెప్పాలంటే, పద్నాలుగు పదహారేళ్ల మధ్య మోచెయ్యి, పదిహేడు పంతొమ్మిది మధ్య మణికట్టు, ఇరవై అటూ ఇటూగా నడుము ఎముక పైఅంచు, అన్నిటి కంటే ఆలస్యంగా ఇరవైలు గడిచేవేళకి మెడ దగ్గరి కాలర్ ఎముక లోపలి కొస. ఆడపిల్లల్లో ఇవి ఏడాది రెండేళ్లు ముందు జరుగుతాయి. అన్నీ అతుక్కున్నాక చదవడానికి పెద్దగా ఏం మిగలదు. ముప్పై దాటినవాళ్ల విషయంలో ఈ పరీక్షను నమ్మలేమని సుప్రీంకోర్టు కూడా 2016లో ముకర్రబ్ కేసులో చెప్పింది.

కాబట్టి ఎక్స్‌రే చూపించేది ఎముక ఎంత పక్వానికి వచ్చిందన్నది. ఎన్నేళ్లు గడిచాయన్నది అందులోంచి మనం తీసే ఊహ. ఊహ సరైందో కాదో తేలాలంటే, పోల్చుకోవడానికి తెచ్చిన కొలబద్ద ఎవరిదో తెలియాలి.

ఎవరి చెయ్యి కొలబద్ద?

ప్రపంచంలో ఎక్కువగా వాడిన కొలబద్ద గ్రూలిక్, పైల్ అనే ఇద్దరు వేసిన చేతి ఎముకల అట్లాసు. మొదటి ముద్రణ 1950, రెండోది 1959. అందులోని ఎక్స్‌రేలు అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో 1931 నుంచి 1942 దాకా తీసినవి. ఆ పిల్లలందరూ ఉత్తర యూరపు మూలాలున్న తెల్లవాళ్లు, చదువూ డబ్బూ సగటు కన్నా ఎక్కువున్న ఇళ్లవాళ్లు. పిల్లల జబ్బుల్ని గుర్తించడానికి చేసిన పుస్తకం అది. కడుపు నిండిన పిల్లల చేతులు లోకంలో ఉన్న అందరి చేతులకూ ప్రమాణం అయికూర్చున్నాయి.

ఇక్కడి డాక్టర్లకు ఈ అనుమానం రాకపోలేదు. 1929లో హెప్‌వర్త్ పంజాబులో, 1934లో లాల్, నాట్ ఇద్దరూ సంయుక్త రాష్ట్రాల్లో, 1936లో పిళ్లై దక్షిణాదివాళ్ల మీద, 1937లో గాల్‌స్టౌన్ బెంగాలీల మీద ఎముకల అధ్యయనాలు చేశారు. ఇంగ్లీషు పుస్తకాల్లోని వయసులు ఇక్కడ సరిపోవని తేల్చారు. అవి విలువైన పనులే. అయితే తేడాను చెప్పుకోవడానికి వాళ్లు ఎంచుకున్న గీత రాష్ట్రం, జాతి. పంజాబీ ఎముక, బెంగాలీ ఎముక, దక్షిణాది ఎముక అన్నారు. వైద్యన్యాయశాస్త్రం చదివే విద్యార్థికి తేడాను ప్రాంతాన్ని బట్టీ, ఆడా మగా అన్నదాన్ని బట్టీ చెప్పడం అలవాటైపోయింది. ఊళ్లో ఇంటి పిల్లకీ వాడలో ఇంటి పిల్లకీ మధ్య తిండిలో ఎంత తేడా ఉందో ఆ గీతలో కనపడదు.

తిండి తేడా ఎముకలో కనిపిస్తుంది. ఏళ్ల తరబడి చాలీచాలని తిండి తిన్న పిల్లల ఎముకలు ఆలస్యంగా పక్వానికి వస్తాయని వైద్యశాస్త్రమే చెబుతోంది. అంటే ఒకే రోజు పుట్టిన ఇద్దరు పిల్లల ఎక్స్‌రేలు రెండు వయసులు చెప్పవచ్చు. డాక్టరు తప్పు చెయ్యకపోయినా ఫలితం తప్పవుతుంది. ఎముక రాసుకున్నది ఆ పిల్ల తిన్న కూడు లెక్క కూడా. మనం దాన్ని వయసు లెక్కగా మాత్రమే చదువుతున్నాం.

ఎవరి పుట్టుకను ఎవరు రాశారు?

ఇంతకీ ఎముక దాకా ఎందుకు పోవాల్సి వస్తోంది? ఈ దేశంలో పుట్టిన ఘడియతో సహా రాసిపెట్టే కాగితం ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు జాతకం. రాసేది బ్రాహ్మణుడు, రాయించుకునేది పై కులాలవాళ్లు. కోర్టుల్లో వయసుకి రుజువుగా జాతకాలు పెట్టినవాళ్లున్నారు. అది బలహీనమైన సాక్ష్యమని సుప్రీంకోర్టు 2005లో అన్నా, కాగితమంటూ ఒకటి చేతిలో ఉండటం వేరు, ఏమీ లేకపోవడం వేరు. మాలపల్లెకీ మాదిగగూడేనికీ జాతకం రాయడానికి ఎవరొచ్చారు?

తర్వాత ప్రభుత్వ రిజిస్టర్లు వచ్చాయి. ఆంధ్ర జిల్లాల్లో మునసబు, తెలంగాణలో పోలీసు పటేలు జనన మరణాలు రాసేవాళ్లు. 1984లో ఈ ఉద్యోగాలు రద్దయ్యేదాకా పుస్తకం ఊరి పెద్దకులం ఇంట్లోనే ఉంది. ఊరి కబుర్లు మోసే వెట్టి పని మాత్రం మాల మాదిగలది. ఎవరింట్లో బిడ్డ పుట్టిందో మునసబుకి చెప్పి వచ్చిన మనిషికి, ఆ పుస్తకం తెరిచి చూసే హక్కు లేదు, చదివే చదువు లేదు. మన పుట్టుకలు కొన్ని ఎక్కాయి, కొన్ని ఎక్కలేదు. ఎక్కినచోట కూడా ‘ఫలానావాడికి ఆడపిల్ల’ అన్నంతవరకే ఉండి పేరు లేకపోతే, రేపు ఆ పిల్ల తనే అని రుజువు చేసుకోవడం ఎట్లా?

ఇక మూడో కాగితం బడి రిజిస్టరు. మా ఇళ్లల్లో మొదట బడికి పోయిన మా తరంలో చాలామందిమి జూన్ ఒకటినో జూలై ఒకటినో పుట్టాం. అంటే పంతులు అట్లా రాశాడు. చెయ్యి తలమీదుగా తిప్పి అవతలి చెవి అందుకుంటే ఐదేళ్లు నిండినట్టే. అదీ శరీరాన్ని చూసి వయసు కట్టే పద్ధతే. ఎక్స్‌రే ఖర్చు లేదు, అంతే తేడా. విచిత్రమేమిటంటే చట్టం దృష్టిలో పంతులు అంచనాకే పెద్దపీట. 2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షను ప్రకారం మొదట చూడవలసింది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా మెట్రిక్ సర్టిఫికెట్. అది లేకపోతే పంచాయతీ, మునిసిపాలిటీ ఇచ్చే జనన పత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. అసలు బడికే పోనివాళ్లు, రిజిస్టరుకు ఎక్కనివాళ్లు, ఈ రెండు గడపలూ దాటలేక మూడోదాని దగ్గరికి చేరతారు. వాళ్లెవరో మనకు తెలుసు.

జననాల నమోదు తప్పనిసరి అని చట్టం వచ్చింది 1969లో. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఐదేళ్ల లోపు పిల్లల్లో నమోదైనవాళ్లు 41 శాతం. 2019-21 సర్వేలో 89 శాతం. పెరిగింది, సంతోషం. కానీ 2005-06లో ఐదేళ్లు నిండనివాళ్లే 2017 నుంచి 2024 దాకా పదహారు, పద్దెనిమిది గీతలు దాటుకుంటూ వచ్చినవాళ్లు. ఆ ఏళ్లలో కోర్టుల ముందు ‘మైనరా మేజరా’ అని నిలబడింది ఈ తరమే. వాళ్ల చిన్నతనంలో నూటికి యాభై తొమ్మిది మంది పుట్టుక ఏ పుస్తకంలోనూ లేదు. దీనికి తోడు 2023 సవరణ వల్ల ఆ ఏడాది అక్టోబరు ఒకటి నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడం దగ్గర్నించి ఓటరు జాబితా దాకా జనన పత్రమే ఆధారమైంది. నమోదు కాని ఆ కొద్దిమందికీ ఇక తలుపులు ఇంకా గట్టిగా మూసుకుంటాయి.

రెండేళ్లు ఎవరి ఖాతాలో?

1982లో జయమాల కేసులో సుప్రీంకోర్టు ఎక్స్‌రే వయసుకి అటు రెండేళ్లు, ఇటు రెండేళ్లు తేడా ఉండవచ్చంది. శాస్త్రం ప్రకారం సరైన మాటే. ఆ రెండేళ్లు ఎవరి ఖాతాలో వెయ్యాలన్నది మాత్రం శాస్త్రం చెప్పదు.

మథుర కేసు మనందరికీ తెలిసిందే. 1972 మార్చిలో మహారాష్ట్ర దేశాయ్‌గంజ్ పోలీసు స్టేషన్లో ఆదివాసీ కూలిపిల్ల మీద పోలీసులు చేసిన దారుణం. 1978లో సుప్రీంకోర్టు పోలీసుల్ని వదిలేయడం, 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాయడం, 1983లో చట్టం మారడం అందరం చదువుకున్నాం. అంతగా చర్చకు రాని విషయం ఒకటుంది. పరీక్షించిన డాక్టరు ఆమె వయసు పద్నాలుగు, పదహారు మధ్య అన్నారు. అప్పటి చట్టంలో పదహారు లోపు పిల్ల ‘ఒప్పుకోలు’ చెల్లదు. కానీ ఆమె పదహారు లోపు అని నమ్మదగ్గ సాక్ష్యం లేదని సెషన్స్ కోర్టు తేల్చేసింది. ఆ ఒక్క వాక్యంతో కేసంతా ఆమె ఒప్పుకుందా, ప్రతిఘటించిందా అన్నదాని చుట్టూ తిరిగింది. పుట్టిన తేదీ కాగితం ఒకటి ఉండి, డాక్టరు అంచనాతో కలిసి ఉంటే, ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

అది పాతకాలం అనుకుంటే పొరపాటు. 2018లో రజాక్ మహమ్మద్ కేసులో ఎక్స్‌రే పదిహేడు, పద్దెనిమిది మధ్య అంటే సుప్రీంకోర్టు తేడా లాభాన్ని ముద్దాయికిచ్చింది. 2024 జూలైలో ఢిల్లీ హైకోర్టు, పోక్సో కేసుల్లో ఎముకల నివేదిక చెప్పిన పై వయసునే తీసుకుని, దానికి ఇంకో రెండేళ్లు కలపాలంది. అంటే నివేదిక పదహారు నుంచి పద్దెనిమిది అంటే, లెక్కలో ఆ పిల్లకి ఇరవై. ఆకలి ఎముకను వెనక్కి లాగుతుంది, కోర్టు ముందుకు నెడుతుంది. మధ్యలో పిల్ల అసలు వయసు ఎవరికీ పట్టదు.

అయితే దీన్ని ఒకవైపు నుంచే చూస్తే మనకే నష్టం. అనుమానం లాభం ముద్దాయికి దక్కడం న్యాయసూత్రం. కులాంతర ప్రేమ కేసుల్లో ఆ ముద్దాయి చాలాసార్లు మన కుర్రాడు. పెద్దకులం అమ్మాయి తన ఇష్టంతో వస్తే, ఆమె మైనరని తల్లిదండ్రులు కేసు పెడితే, ఆ రెండేళ్లే వాణ్ణి కాపాడేది. పోలీసులు పట్టుకుపోయి కాగితాల్లో పంతొమ్మిది అని రాసిన పదహారేళ్ల వాడికీ అంతే. ఇరవై ఒకటి లోపు అనిపించే ప్రతి ముద్దాయి వయసునూ మేజిస్ట్రేటు ముందే విచారించాలని 1984లో గోపీనాథ్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2007 నియమాలు ఏడాది తేడాను పిల్లవాడి వైపు లెక్కకట్టమన్నాయి. కాబట్టి ‘రెండేళ్లు ఎప్పుడూ ఫిర్యాదీ వైపే వెయ్యండి’ అని మేం అడగడం లేదు. అసలు రెండేళ్ల చీకటిని తగ్గించండి అంటున్నాం. అది తగ్గితే బాధితురాలికీ, నిజంగా బాలుడైన ముద్దాయికీ ఇద్దరికీ న్యాయమే.

అమ్మ లెక్క

ఎట్లా తగ్గుతుంది? మన ఇళ్లల్లో వయసు లెక్క లేదనుకోవడం తప్పు. లెక్క ఉంది, అంకెల్లో లేదు. పోలీసు యాక్షన్ అయిన యేడు, అరవై తొమ్మిది గొడవలప్పుడు, దివిసీమ ఉప్పెనకి పాలు తాగుతున్నాడు, ఇందిరమ్మను చంపిన నెల, గోదావరి పుష్కరాలకి నడుస్తోంది. ఒక తల్లి, ‘కర్నూలు వరదప్పుడు నాకు ఆరో నెల’ అన్నదనుకోండి. వరద వచ్చింది 2009 అక్టోబరు మొదటివారంలో. అంటే ఆ బిడ్డ పుట్టింది 2010 జనవరి అటూ ఇటూగా. తేడా ఒకటి రెండు నెలలు. ఎక్స్‌రే తేడా రెండేళ్లు. ఏది దగ్గర?

ప్రభుత్వానికి ఈ సంగతి తెలుసు. వయసు చెప్పలేనివాళ్ల దగ్గర ఊరికి తెలిసిన సంఘటనలు గుర్తుచేసి రాబట్టమని జనగణన చేసేవాళ్లకు సూచనలిస్తుంది. మనల్ని లెక్కపెట్టుకోవడానికి పనికొచ్చిన అమ్మ మాట, మనకు న్యాయం చెయ్యడానికి వచ్చేసరికి ‘నోటి మాట’ అయిపోతుంది.

తల్లి అబద్ధం చెప్పదా అని అడుగుతారు. చెప్పవచ్చు. మునసబూ చెప్పవచ్చు, పంతులూ చెప్పవచ్చు. మౌఖిక సాక్ష్యాన్ని సరిచూసే పద్ధతులు చరిత్ర చదువుకున్నవాళ్లకు కొత్తవి కావు. అదే వీధిలో ఆ నెలలో ఇంకెవరు కన్నారు, ఆమె పెద్దపిల్లకీ ఈ పిల్లకీ ఎడమెంత, పురుడు పోసింది ఎవరు, అంగన్‌వాడీ పుస్తకంలో తూకం ఎప్పటినుంచి ఉంది, టీకా కార్డు ఉందా అని అడిగితే నిలిచేదేదో, కూలేదేదో తెలుస్తుంది. దర్యాప్తు అధికారి అడగని ప్రశ్నలు ఇవే. అతను చేసేది ఆసుపత్రికి లెటరు రాయడం.

అందుకని మూడు పనులు మన ముందున్నాయి. విద్యార్థులు, పరిశోధకులు తమ వాడల్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఊరి సంఘటనల క్యాలెండరు రాయాలి. ఏ తుఫాను ఏ నెల, ఏ కరువు ఏ యేడు, ఏ పుష్కరాలు ఎప్పుడు అన్నది పక్క రుజువులతో సహా ఉండాలి. ఉపాధ్యాయులు కొత్తగా చేరే పిల్లలకి జూన్ ఒకటి అని రాసి చేతులు దులుపుకోకుండా తల్లిని అడిగి రాయాలి. నమోదు కానివాళ్లచేత ఆలస్యపు నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, తిరగాల్సి వస్తుంది, అయినా చెయ్యాలి. కార్యకర్తలు కేసు నమోదైన రోజే తల్లి వాంగ్మూలంలో వయసు లెక్క సంఘటనతో సహా రాయించాలి. నెలల తర్వాత సాక్షి బోనులో మొదటిసారి చెబితే అది అప్పుడు పుట్టించిన మాట అంటారు.

ఎముకల పరీక్షను ఎత్తేయమని మేం అనడం లేదు. తల్లీ తండ్రీ లేని పిల్లకి, ఊరు పేరు చెప్పలేని పిల్లవాడికి అదొక్కటే దిక్కు కావచ్చు. కానీ డాక్టరు నివేదికలో ఏ కొలబద్ద వాడారో, ఆ పిల్ల బరువూ ఎత్తూ తిండీ ఎట్లా ఉన్నాయో, తేడా ఎంతో రాయాలి. తల్లి ఉన్నచోట తల్లిని అడక్కుండా ఎముకను అడగటం ఆగాలి.